బెంగకి ఒక పీరియడ్

ఉత్తుంగ జూనియర్ కాలేజీ బాలికల ప్రాంగణంలో నేను తెలుగు లెక్చరర్ని. నా దగ్గర తెలుగు చదివే పిల్ల ఒక్కతీ లేదు. మార్కులు దండిగా పడతాయని మా దగ్గర చేరిన ప్రతి పిల్లకీ సంస్కృతమే ఇప్పిస్తారు. అయినా నన్నెందుకు ఉంచారంటే, తనిఖీకి వచ్చినవాళ్లు "మీ తెలుగు లెక్చరర్ ఎవరండీ?" అని అడిగినప్పుడు లేచి నిలబడటానికి. ఏడాదికి ఒకసారి లేచి నిలబడతాను. మిగతా కాలమంతా కూర్చుంటాను.

ఊరికే కూర్చున్న మనిషిని చూస్తే ఏ యాజమాన్యానికైనా ఒళ్లు మండుతుంది. అందుకని పదో తరగతి ఫలితాలు రాగానే నన్ను తీసుకెళ్లి అడ్మిషన్ల హాల్లో పడేస్తారు. వచ్చినవాళ్లని ఫ్యాను కింద కూర్చోబెట్టడం, మంచినీళ్లు అందించడం నా పని. ఆ పని మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మనుషుల తెలివి మీద నాకున్న గౌరవం ఏటా కొంత తరుగుతూ వస్తోంది.

బజార్లో వంకాయలు కొనేటప్పుడు ఒక్కో కాయా తిప్పి చూసి పుచ్చు లేదని తేల్చుకునే తండ్రి, చీర అంచు పట్టి లాగి, వెలుగులో పెట్టి చూసి, రంగు పోతుందా పోదా అని కొట్టువాణ్ణి విసిగించే తల్లి, కన్నబిడ్డని రెండేళ్లు అప్పగించే చోటుకి వచ్చేసరికి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు.

"బాగా స్ట్రిక్టేనా అండీ?"

మా పీఆర్వో హైమావతిగారు. ఆ ప్రశ్న వినగానే ఆవిడ మొహం వెలిగిపోతుంది.

"స్ట్రిక్టా? అవతల కాలేజీవాళ్లు పిల్లల్ని తెల్లవారుజామునే లేపుతామని గొప్పలు చెప్పుకుంటారు. మేము అసలు పడుకోనిస్తేగా లేపడానికి! పోయినేడు ఒక పాప దసరా సెలవులకి ఇంటికెళితే వాళ్ల కుక్కే పోల్చుకోలేక మొరిగిందండీ. అంత మార్పు తీసుకొస్తాం."

తల్లిదండ్రులు ఒకరి మొహం ఒకరు చూసుకుని తృప్తిగా తలాడిస్తారు. "ఇదే బాగుందండీ, ఇక్కడే వేసేద్దాం" అంటారు. కుక్క సంగతి మళ్లీ ఎవరూ ఎత్తరు. పిల్లని అసలే అడగరు.

ఒక ఏడు మాత్రం ఒకాయన వేరే ప్రశ్న అడిగాడు. పేరు వీరాస్వామి. దివిసీమలో పిండిమర నడుపుతాడు. చొక్కా మడతల్లో ఇంకా కారం ఎర్రగా కనిపిస్తోంది. పక్కన కూతురు నాంచారి, రెండు జడలు వేసుకుని, హాల్లో ఉన్న ఏసీ వెనకభాగాన్ని వంగి వంగి చూస్తోంది.

"ఇక్కడ చప్పుడేమన్నా ఉంటదా అండీ?" అన్నాడు వీరాస్వామి.

హైమావతిగారికి అలాంటి ప్రశ్న ఎప్పుడూ ఎదురు కాలేదు. "చప్పుడా? సూది కింద పడితే వినపడుతుందండీ. అంత నిశ్శబ్దం మెయింటెయిన్ చేస్తాం" అంది గర్వంగా.

ఆయన మొహం వాడిపోయింది. "అదేనండీ నా భయం. మా పాప చిన్నప్పట్నించీ మర పక్కనే బస్తా మీద కూచుని చదివిందండీ. మర ఆడతా ఉంటేనే దానికి చదువు ఎక్కుద్ది. ఆగిపోతే తలెత్తుద్ది."

"అలవాటైపోతుందండీ. మా దగ్గర అన్నీ అలవాటు చేస్తాం" అని నవ్వింది హైమావతిగారు.

"మరి ఇంత భయం ఉన్నవాడివి ఇక్కడికెందుకు తెచ్చావయ్యా?" అని మంచినీళ్లిస్తూ నేనడిగాను.

"టెన్తులో మండలానికి ఫస్టొచ్చింది మాస్టారూ. ఊళ్లో సర్కారు కాలేజీ ఉంది. అందులో వేస్తే, ఆడపిల్ల కదాని చిన్నచూపు చూశానంటారు మావాళ్లు. అందరూ ఇక్కడే వెయ్యమంటున్నారు."

నాంచారి ఏసీ దగ్గర్నుంచి తిరిగొచ్చింది. "ఉంటాలే నాన్నా. ఎలక్ట్రికల్ ఇంజినీరింగు రావాలంటే ఇక్కడ చదవాలంట కదా" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మా మర మోటారు ఏడాదికోసారి కాలిపోద్ది మాస్టారూ. ఎందుకు కాలిపోద్దని అడిగితే ఎవరూ చెప్పరు. బందరు తీసుకెళ్లి వైండింగు చేయించుకు రమ్మంటారు. నేను కనుక్కుంటా" అంది. ఆ పిల్లకి కావల్సింది అంతే. ఆ చదువు చేతికందుతుందా, మా చేతుల్లో పాడవుతుందా అన్నదే ఈ కథ.

*

కొత్త పిల్లలు చేరిన మొదటి నెల మా ప్రాంగణంలో ఏడుపులు ఎక్కువగా ఉంటాయి. ప్రహరీగోడ పొడవునా నిలబడి ఏడుస్తారు. పుస్తకం అడ్డం పెట్టుకుని ఏడుస్తారు. ఎన్నో ఏళ్లుగా జరుగుతున్నదే, ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఆ ఏడు ఛైర్మన్ గారు పొద్దున నడకకి ఇటువైపు వచ్చారు.

"నేను కట్టించింది కాలేజీనా, చావింటి అరుగా?" అన్నారట. మధ్యాహ్నానికల్లా అందరం కాన్ఫరెన్స్ హాల్లో ఉన్నాం.

మా డీన్ ఫణీంద్రగారు లేచి గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకుంటే సగం మంది పెన్నుల మూతలు తీస్తారు.

"ఫ్యాకల్టీ మెంబర్స్! బెంగ అనేది అవుటాఫ్ సిలబస్. దానికి స్టడీ అవర్స్‌లో స్కోప్ ఇవ్వడమంటే మన మార్కుల్ని మనమే కాంపిటీటర్‌కి డొనేట్ చెయ్యడం. ఈ క్షణం నుంచి మనది బెంగరహిత ప్రాంగణం. ఇంప్లిమెంటేషన్ ఎవరికి అలాట్ చేద్దాం?"

లెక్కల లెక్చరర్‌కి తీరిక లేదు. ఫిజిక్స్ లెక్చరర్ కిటికీలోంచి బయటికి చూశాడు. కెమిస్ట్రీ లెక్చరర్ లేచి, కన్నీళ్లలో ఉప్పు ఉంటుంది కాబట్టి సాంకేతికంగా తన కిందికే వచ్చినా తనకి ప్రాక్టికల్స్ ఉన్నాయని మనవి చేశాడు.

"బెంగ తెలుగు మాటే కదా? తెలుగు లెక్చరర్‌కి ఇచ్చెయ్యండి" అన్నారు డీన్‌గారు.

అలా నేను బెంగ నివారణాధికారినయ్యాను. నాకొక బ్యాడ్జీ, చక్రాల కుర్చీ ఇచ్చారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో కుర్చీకి చక్రాలు రావడం అదే మొదలు.

ముందు ఫోన్లు. ఆదివారం పిల్లలు ఇంటికి ఫోను చేసుకునేటప్పుడు ఏ మాట దగ్గర ఏడుపు మొదలవుతోందో కనిపెట్టమన్నారు. కనిపెట్టడానికి పెద్ద పరిశోధనేమీ అక్కర్లేదు. అవతల తల్లి "తిన్నావా?" అనగానే ఇవతల పిల్ల బావురుమంటుంది. వెంటనే ఆ మాటని నిషేధించారు. నిషేధిస్తే సరిపోదని, తల్లిదండ్రులందరినీ పిలిపించి షామియానా కింద శిక్షణ ఇచ్చారు.

"తిన్నావా అని అడక్కపోతే ఇంకేం మాట్లాడాలండీ?" అంది ఒకావిడ బిక్కమొహం వేసి.

"వీకెండ్ టెస్టులో నెగటివ్ మార్కులు ఎన్ని పడ్డాయో అడగండమ్మా" అన్నారు డీన్‌గారు. "పేరెంటల్ అఫెక్షన్ అంతా ఆ క్వశ్చన్‌లోనే కమ్యూనికేట్ అవ్వాలి. ఏదీ, ఒకసారి అందరూ నాతో అనండి."

అందరూ అన్నారు. ఒక మిలిటరీ రిటైరైనాయన అందరికన్నా గట్టిగా అన్నాడు. ఆయన్ని ముందుకి పిలిచి చప్పట్లు కొట్టించారు.

తర్వాత తిండి. ఇంటి నుంచి వచ్చే క్యారేజీలు ఆపేశారు. గోంగూర పచ్చడి, కందిపొడి సీసాలు గేటు దగ్గరే పట్టుకున్నారు. మెస్సులో వండే ఏ వంటా ఏ పిల్లకీ ఇంటి వంటని గుర్తు చెయ్యకూడదని మెస్ సూపర్‌వైజర్‌కి లిఖితపూర్వకంగా తాఖీదు వెళ్లింది. అతను తాఖీదు రెండుసార్లు చదువుకుని, "ఆ విషయంలో మా మీద ఇంతవరకూ ఒక్క కంప్లైంటూ రాలేదండీ" అన్నాడు, కొంచెం నొచ్చుకుని.

వీటన్నిటికీ లొంగని పిల్ల నాంచారి ఒక్కతే. ఫోనులో బాగానే మాట్లాడేది. మెస్సులో పెట్టింది తినేసేది. స్టడీ హాల్లో అందరూ నోరు మూసుకుని పుస్తకం తెరవగానే ఆ పిల్ల కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారేవి.

పక్కన కూర్చుని అడిగాను. "అమ్మ గుర్తొస్తోందా తల్లీ?"

"లేదు మాస్టారూ. అమ్మ పోయిన ఆదివారమేగా వచ్చింది."

"మరి?"

"చప్పుడు లేదు మాస్టారూ. పుస్తకం తెరిస్తే చెవుల్లో గుయ్యిమంటంది. చదివిన లైనే చదవతన్నా. లోపలికి పోటల్లేదు."

ఆ సంగతే డీన్‌గారికి చెప్పాను. ఆయన జాలిగా చూశారు. "నిశ్శబ్దం మన యూఎస్‌పీ, మన సెల్లింగ్ పాయింట్ మాస్టారూ. దానివల్ల ప్రాబ్లెమ్ రాదు. మీరు లోతుగా ఇన్వెస్టిగేట్ చెయ్యండి, అమ్మ దొరుకుతుంది" అన్నారు.

*

అదే నెలలో మా ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయింది. కొత్తది బిగించేదాకా వారం పాటు జనరేటర్ మీద నడిచాం. ఆ జనరేటర్‌ని పెట్టింది సరిగ్గా స్టడీ హాలు గోడ అవతల. అబ్బ, ఏం మోత! కిటికీ అద్దాలు గడగడలాడాయి. లెక్చరర్లు చెవుల్లో దూది పెట్టుకున్నారు. పిల్లలు తలలు పట్టుకున్నారు.

నాంచారి మాత్రం తన డెస్కుని ఎవరూ చెప్పకుండానే ఆ కిటికీ పక్కకి జరుపుకుంది. ఆ వారం ఆ పిల్ల మొహం నేను చూశాను. ఇల్లు చేరిన పిల్ల మొహంలా ఉంది. తలొంచుకుంటే మళ్లీ ఎత్తలేదు. డీజిలు పోయడానికి జనరేటర్ ఆపినప్పుడు మాత్రం తలెత్తి, అది మళ్లీ అందుకోగానే వంగేది.

ఆ వారం టెస్టులో నాంచారి ప్రాంగణానికంతటికీ ఫస్టు.

సోమవారం మళ్లీ మీటింగు. డీన్‌గారు తెరమీద రెండు గీతలు చూపించారు. ఒకటి ఏడుపుది, ఒకటి మార్కులది.

"ఫ్యాకల్టీ మెంబర్స్! ఒక షాకింగ్ ఫైండింగ్. ఈ ప్రాంగణంలో అత్యధికంగా ఏడ్చినట్టు రికార్డయిన అమ్మాయి ఎవరు? నాంచారి. ఫస్ట్ ర్యాంకు ఎవరికి? నాంచారికి. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది?"

ఎవరికీ ఏమీ తెలియలేదు.

"బెంగ మార్కుల్ని పెంచుతుంది! ఇన్నాళ్లూ మనం కన్నీళ్లు తుడవబోయి మన మార్కుల్ని మనమే తుడిపించేశాం!"

హాలంతా ఒక్కసారి గుసగుసలతో నిండింది. నేను లేచి నిలబడ్డాను. తనిఖీ లేని రోజు నేను లేచి నిలబడటం ఎవరూ చూసి ఎరగరు.

"ఆ పిల్లకి చప్పుడుంటేనే చదువు ఎక్కుతుందండీ. జనరేటర్ మోగిన వారమే ఫస్టొచ్చింది."

"జనరేటర్ అందరికీ మోగింది కదా మాస్టారూ? అందరికీ ఫస్టు రాలేదే?"

"ఏడుపు కూడా అందరూ ఏడ్చారు కదండీ?"

"ఆ అమ్మాయంత క్వాలిటీగా ఏడవలేదు" అన్నారు డీన్‌గారు. లెక్చరర్లందరూ నన్ను చూసి తలలు పంకించారు. తర్కం తెలియనివాడు తర్కం మాట్లాడితే ఇలాగే ఉంటుందన్నట్టు.

సాయంత్రానికి నా బ్యాడ్జీ మీద 'నివారణ' అన్న చోట 'అభివృద్ధి' అని కాగితం అంటించారు. రోజూ స్నాక్స్ తర్వాత బెంగ పీరియడ్ పెట్టారు. దానికి స్టడీ మెటీరియల్ తయారు చెయ్యమని నన్నే ఆదేశించారు. తెలుగు లెక్చరర్‌గా చేరిన ఇన్నేళ్లకి తెలుగులో నాలుగు ముక్కలు రాసే అవకాశం వచ్చింది కదాని, సిగ్గు లేకుండా కొంచెం ఉత్సాహంగానే రాశాను. అమ్మ చేతి ముద్ద, అమ్మమ్మ ఒడి, పెరట్లో జామచెట్టు, తమ్ముడితో కొట్లాట. డీన్‌గారు దానికి వెయిటేజీ నిర్ణయించారు. అమ్మ చేతి ముద్ద దీర్ఘ సమాధాన ప్రశ్న. జామచెట్టు స్వల్ప సమాధాన ప్రశ్న. తమ్ముణ్ణి ఛాయిస్‌లో వదిలెయ్యొచ్చు.

"సార్, మాది అపార్ట్‌మెంటు. జామచెట్టు లేదు సార్" అంది ఒక పిల్ల.

"ఉందనుకోమ్మా. సిలబస్‌లో ఉంది" అన్నాను. అనుకుంది. పాపం, మా పిల్లలు ఏది అనుకోమంటే అది అనుకుంటారు.

ఒకటో తరగతి నుంచీ హాస్టళ్లలోనే పెరిగిన పిల్లలు కొందరున్నారు. "మాకు ఇల్లు ఎప్పుడు గుర్తొస్తుందో తెలీదు సార్, సెలవుల్లో హాస్టలే గుర్తొస్తుంది" అన్నారు. అది వ్యతిరేక బెంగ అనీ, దానికి మార్కులు ఉండవనీ తీర్మానించి, వాళ్లని వెనకబడిన సెక్షన్‌లో వేసి ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టారు.

తల్లిదండ్రుల్ని మళ్లీ షామియానా కిందికి పిలిచారు. ఇప్పుడు "తిన్నావా?" అని తప్పనిసరిగా అడగాలి. అదీ గొంతు పూడుకుపోయినట్టు అడగాలి. మిలిటరీ ఆయనకి ఎంత చెప్పినా రాలేదు. పోయినసారి నేర్పింది బాగా వంటబట్టిపోయింది. గొంతు పూడ్చుకుని మరీ "నెగటివ్ మార్కులు ఎన్ని తల్లీ?" అన్నాడు. ఆయన్ని సప్లిమెంటరీకి రమ్మన్నారు.

*

ఈ సందడిలో నాంచారిని ఏం చేశారో చెప్పాలి. చెప్పాలంటే నాకు ఇప్పటికీ చిర్రెత్తుకొస్తుంది.

ఫస్టొచ్చింది కాబట్టి ఆ పిల్లని శిఖర సెక్షన్‌లోకి మార్చారు. అది మా ప్రాంగణానికి తలమానికం. గోడలకి మెత్తటి దిండ్లు, కిటికీలకి రెండేసి అద్దాలు, నేలమీద తివాచీ. లోపల మనం తుమ్మితే మన తుమ్ము మనకే వినపడదు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించేసరికి జనరేటర్ కూడా ఆగిపోయింది. మొదటి వారం నాంచారి మార్కులు తగ్గాయి. రెండో వారం ఇంకా తగ్గాయి.

"బెంగ డోసు చాలటం లేదు" అన్నారు డీన్‌గారు. "ఆ అమ్మాయి పేరెంట్స్‌ని ఆదివారాలు రానివ్వకండి. ఫోను ఆపండి."

పిల్ల చిక్కిపోయింది. రెండు జడలు ఒక జడ అయ్యింది, అదీ సరిగ్గా వేసుకోవడం మానేసింది. మోటారు ఎందుకు కాలిపోద్దో కనుక్కుందామనుకున్న పిల్ల, ఫిజిక్స్ పుస్తకంలో కరెంటు పాఠం తెరిచిపెట్టుకుని ఒకే పేజీ వంక శూన్యంగా చూస్తూ కూర్చునేది. "నాకు చదువు రాదేమో మాస్టారూ" అంది ఒకరోజు.

ఆదివారం వీరాస్వామి వచ్చాడు. గేటు దగ్గర ఆపేశారు. ఆయనకి సంగతి చెప్పే పని నాది. బ్యాడ్జీ పెట్టుకుని వెళ్లాను.

"అదేంటండీ? పిల్లకి బెంగ రావాలని మమ్మల్ని చూడనివ్వరా?" అన్నాడు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "మీరంతా చదువుకున్నోళ్లు కదండీ."

బ్యాడ్జీ వంక చూసుకున్నాను.

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. "పోనీ ఇది వినిపించండి మాస్టారూ. మర ఆడతా ఉంటే పట్టుకున్నా. పిల్ల పక్కన కాసేపు పెట్టండి చాలు."

ప్రాంగణంలోకి బయటి ఫోను తీసుకెళ్లడం నేరం. అధికారిని కాబట్టి నన్ను తనిఖీ చెయ్యరు. ఆ సాయంత్రం బెంగ పీరియడ్‌లో పిల్లలందరూ వరసగా కూర్చుని అమ్మ చేతి ముద్ద తలుచుకుని ఏడుస్తుండగా, నేను నాంచారి వెనక నిలబడి జేబులో ఫోను మోగించాను. దడదడమని మరని తిప్పే పట్టా చప్పుడు, దాని మీద మోటారు గుర్రుమనడం, మధ్యలో ఎవరో "కారం మెత్తగా ఆడించయ్యా" అనడం.

నాంచారి ఏడుపు టక్కున ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. కళ్లు తుడుచుకుని, సంచిలోంచి ఫిజిక్స్ పుస్తకం తీసి లెక్క చెయ్యడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే డీన్‌గారు రౌండ్స్‌కి వచ్చారు. బెంగ పీరియడ్‌లో ఒక పిల్ల ఏడవకుండా చదువుకుంటోంది! ఆయన మొహంలో రంగులు మారాయి.

"ఇది మాల్‌ప్రాక్టీస్" అన్నారు.

*

అసలు ఎవరికి నిజంగా బెంగ ఉందో తేల్చడానికి పరీక్ష పెట్టారు. బెంగ నిరూపించుకున్నవాళ్లకే శిఖర సెక్షన్‌లో చోటు. పేపరు డీన్‌గారే తయారుచేశారు. నన్ను దిద్దమన్నారు, జవాబుల కీ చేతిలో పెట్టి.

పిల్లలు అద్భుతంగా రాశారు. అందరూ ఒకేలా రాశారు. అందరి అమ్మలూ ఒకే ముద్ద కలిపారు, అందరి పెరళ్లలోనూ ఒకే జామచెట్టు కాసింది. నాంచారి పేపరు అడుగున ఉంది. అడిషనల్ షీటు తీసుకోలేదు, పేజీ కూడా నిండలేదు.

"నాకు మా మర మీద బెంగ. మర ఆడుతుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. నాన్న పని నడుస్తున్నట్టు, ఇంట్లో అందరూ ఉన్నట్టు తెలుస్తుంది. అప్పుడు నేను చదువుకుంటాను. కరెంటు పోతే మర ఆగిపోతుంది. నేనూ పుస్తకం మూసేస్తాను. అమ్మ చీపురు పక్కన పెట్టి వస్తుంది. ముగ్గురం బస్తాల మీద కూర్చుని కరెంటు వచ్చేదాకా మాట్లాడుకుంటాం. మేము మాట్లాడుకునేది అప్పుడే. ఇక్కడ కరెంటు పోతే జనరేటర్ వేస్తారు. ఇక్కడ ఏదీ ఆగదు. ఎవరూ మాట్లాడుకోరు."

ఆ పేపరు రెండుసార్లు చదివాను. కీ పక్కన పెట్టేశాను. ఇన్నేళ్లలో నేను దిద్దిన మొదటి నిజమైన తెలుగు పేపరు అది. నూటికి నూరు వేశాను.

డీన్‌గారు రీవాల్యుయేషన్ చేశారు.

"అమ్మ చేతి ముద్ద ఎక్కడుంది మాస్టారూ?"

"లేదండీ."

"జామచెట్టు?"

"లేదండీ. కానీ ఇది చదవండి, బెంగంటే ఇదేనండీ."

"పిండిమర కీలో లేదు" అని ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. ఎంత గుండ్రంగా చుట్టారంటే, ఆయన సున్నాలు చుట్టడానికే పుట్టాడేమో అనిపించింది నాకు.

పరీక్షలో ఫస్టొచ్చిన పిల్ల పేరు తన్వి. ఒక్క ప్రశ్న వదల్లేదు. ఆ పిల్ల ఇల్లు మా ప్రహరీగోడకి అవతల పక్కనే. వాళ్లమ్మ డాబా మీద బట్టలు ఆరేస్తూ రోజూ చెయ్యి ఊపుతుంది. తన్వి ఫొటోకి దండ వేసినట్టు చుట్టూ పూలు గీయించి, 'బెంగలో ప్రథమ స్థానం' అని గేటుకి కట్టారు.

నాంచారి బెంగ లేని విద్యార్థినిగా తేలింది. అట్టడుగు సెక్షన్‌కి వేస్తామన్నారు. వీరాస్వామికి కబురు వెళ్లింది. ఆయన సామాన్లు మోసే ట్రక్కు ఆటో వేసుకుని వచ్చాడు.

"మా పిల్లని తీసుకుపోతానండీ" అన్నాడు డీన్‌గారి గదిలో నిలబడి. కూర్చోమని ఎవరూ అనలేదు.

"రీకన్సిడర్ చెయ్యండి. ఇక్కణ్నుంచి వెళితే ఆ అమ్మాయికి ఫ్యూచర్ ఉండదు."

"ఉన్న పిల్ల లేకుండా పోద్దేమోనని భయంగా ఉందండీ నాకు. కాయితం ఇచ్చెయ్యండి."

టీసీ రాస్తుంటే నాంచారి బల్ల పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఓడిపోయాననుకుంటోంది. నాన్న తల దించేశాననుకుంటోంది. నీళ్లు బల్ల మీద పడుతుంటే, సిరా చెదిరిపోతుందని డీన్‌గారు కాగితాన్ని కొంచెం అవతలికి జరిపారు. జరిపి, ప్రవర్తన దగ్గర 'సంతృప్తికరం' అనీ, కింద 'బెంగ లేదు' అనీ రాశారు.

వీరాస్వామి కూడబలుక్కుని చదివాడు. "లేదంటారేంటండీ? అట్టా ఏడుస్తా ఉంటే!"

"అది టైంటేబుల్‌లో లేని ఏడుపండీ" అన్నారు డీన్‌గారు.

గేటు దాకా నేనూ వెళ్లాను. నాంచారి ట్రంకుపెట్టె ఎక్కించి, ఆటో వెనక పెట్టె మీద కూర్చుంది. వీరాస్వామి తాడు లాగాడు. ఆ పాత ఇంజను గేటంతా అదిరేలా అందుకుంది. మా వాచ్‌మన్ చెవులు మూసుకున్నాడు. నాంచారి ముక్కు తుడుచుకుని ఇంజను వంక చూసింది. తర్వాత పెట్టె మూత ఎత్తి ఫిజిక్స్ పుస్తకం తీసింది.

"నాన్నా, దారిలో ఎక్కడా ఆపమాక" అంది.

*

రెండేళ్లకి ఫలితాలొచ్చాయి. దివిసీమ సర్కారు కాలేజీలో చదివిన ఒక పిల్లకి జిల్లా మొత్తానికి మొదటి స్థానం వచ్చింది. ఎంట్రన్స్‌లోనూ అంతే. కోరుకున్న చోట ఎలక్ట్రికల్ ఇంజినీరింగు సీటు ఖాయం. పేపర్లో పేరు చూసి నేను కుర్చీలోంచి లేచాను. చక్రాలు ఉన్నాయి కదా, కుర్చీ వెళ్లి గోడకి కొట్టుకుంది.

డీన్‌గారు అప్పటికే నన్ను పిలిపించారు. ఎదురుగా హోర్డింగు నమూనా ఉంది. మీద 'ఉత్తుంగ బెంగ విధానం సాధించిన విజయం' అని రాసి, కింద ఫొటో కోసం ఖాళీ వదిలారు.

"ఆ అమ్మాయి ఇక్కడ కొన్ని నెలలు చదివింది కదా. టెక్నికల్‌గా మన ప్రోడక్టే. ఒక ఫొటో కావాలి. వాళ్ల ఫాదర్‌కి మీరే ఫోను చెయ్యండి, మీరైతే తెలుగులో మాట్లాడతారు."

చేశాను. స్పీకర్ పెట్టమన్నారు, పెట్టాను. అవతల ఎత్తగానే గదంతా దడదడమంది. బల్ల మీద పేపర్‌వెయిట్ వణికింది.

"ఎవరండీ?" వీరాస్వామి అరుస్తున్నాడు.

"నేనయ్యా, ఉత్తుంగ కాలేజీ తెలుగు మాస్టార్ని! అమ్మాయి ఫొటో ఒకటి కావాలంటున్నారు!"

"ఏంటండీ? వినపట్టల్లేదు! మర ఆడతంది!"

"ఫొటో! అమ్మాయి ఫొటో!"

"వినపట్టల్లేదండీ!"

ఆ మోతలోంచి లీలగా ఆడపిల్ల గొంతు వినిపించింది. "నాన్నా, పట్టా జారతంది చూడు!" అని. వెంటనే నవ్వు. ఆ నవ్వు నేను మా ప్రాంగణంలో ఒక్కసారి కూడా వినలేదు.

డీన్‌గారు తల పక్కకి వంచి వింటున్నారు. "ఏమిటా సౌండు?"

"పిండిమర అండీ. ఆ పిల్ల దాని పక్కనే కూర్చుని చదివింది. అప్పుడే చెప్పాను."

ఆయన కళ్లు మెల్లగా మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. తెరమీద రెండు గీతలు చూపించిన రోజున చూశాను. ఆయన హోర్డింగు నమూనాని పక్కకి నెట్టి, పెన్ను మూత తీశారు.

"సెక్షన్‌కి ఒకటి సరిపోతుందా?" అని తనలో తను అనుకుని, నా వైపు తిరిగారు. "ఆ మర ఎన్ని హార్స్‌పవరో అడగండి మాస్టారూ."

అడిగాను. వీరాస్వామికి వినపడలేదు. రెండోసారి నేను అడగలేదు. స్పీకర్ ఆపేసి, ఫోను చెవికి ఆనించుకుని, ఆ మర చప్పుడు కాసేపు అలా వింటూ నిలబడ్డాను.